టెలివిజన్ వాణిజ్య వార్తలకు పురస్కారాలు: సరిహద్దు తెలుగు ప్రేక్షకుడి కొలత

వార్తారచనకు ఇచ్చే పురస్కారాల్లో వాణిజ్య, ఆర్థిక వార్తలకు ప్రత్యేక స్థానం ఏర్పడి చాలా కాలమైంది. అమెరికాలో షేర్ల వ్యాపారంలో పేరు గడించిన జెరాల్డ్ లోబ్ 1957లో తన పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పాడు. చిన్న మదుపరులకూ సామాన్య ప్రజలకూ అవసరమైన సమాచారం అందించి, వారిని నష్టం నుంచి కాపాడే రచనలను ప్రోత్సహించడం దాని ఉద్దేశం. మొదట పత్రికలకు ఇచ్చిన ఈ గౌరవం తరవాత టెలివిజన్‌కూ విస్తరించింది. మన దేశంలో రామ్‌నాథ్ గోయెంకా పేరిట 2006 నుంచి ఇస్తున్న పురస్కారాల్లో వాణిజ్య, ఆర్థిక వార్తలకు ఒక విభాగం ఉంది. అందులో ముద్రణ మాధ్యమానికీ ప్రసార మాధ్యమానికీ వేర్వేరుగా బహుమతులు ఇస్తూ వచ్చారు. 1938లో మద్రాసు నుంచి ఆంధ్రప్రభను ప్రారంభించిన గోయెంకా తెలుగు పాఠకులకు కొత్తవాడు కాడు.

ఒక ఆర్థిక వార్త ఉత్తమమైనదని దేన్నిబట్టి చెప్పాలి? దాగిన అక్రమాన్ని బయటపెట్టడం ఒక కొలత. అంకెలు నిక్కచ్చిగా ఉండడం మరొకటి. విన్నవాడు దాన్ని సరిగా అర్థం చేసుకుని తన డబ్బు విషయంలో సరైన నిర్ణయం తీసుకోగలగడం మూడో కొలత. లోబ్ ఉద్దేశానికి దగ్గరగా ఉన్నది ఈ మూడోదే. అది ప్రధానంగా భాషకు సంబంధించినది. దాన్ని పరిశీలించడానికి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతం చక్కని ఉదాహరణ. ఇక్కడ ఎన్నో కుటుంబాల్లో ఇంటి భాష తెలుగు. బడిలోనూ కచేరీలోనూ కన్నడం. ప్రేక్షకుడు రెండు భాషల ఛానళ్లూ చూస్తాడు.

మొదట వడ్డీ లెక్క చూద్దాం. టెలివిజన్ ఏడాదికి ఇంత శాతం అని చెబుతుంది. పల్లె లెక్క నెలకు నూటికి ఇన్ని రూపాయలని. 'రెండు రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు 9 శాతం అంటే పల్లె లెక్కలో ముప్పావలా వడ్డీ. 50,000 రూపాయల అప్పుకు మొదటి లెక్కన ఏడాదికి 12,000, రెండో లెక్కన 4,500 వడ్డీ అవుతుంది. శాతాల లెక్క అలవాటు లేనివాడికి 9 అనే అంకె 2 కన్నా పెద్దదిగా తోచే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మహిళా సంఘాల కోసం ప్రకటించిన పథకానికి 'పావలా వడ్డీ' అనే పేరు పెట్టారు. ఏడాదికి 3 శాతం అనే మాట ఆ ఒక్క పదంతో ఇంటింటికీ అర్థమైంది.

ఇక పరిభాష. ధరల పెరుగుదలను తెలుగు ఛానల్ 'ద్రవ్యోల్బణం' అంటుంది. 'ఉల్బణం' అంటే అధికమైనదని నిఘంటువు చూస్తేగాని తెలియదు. కన్నడంలో అదే మాట 'హణదుబ్బర', అంటే డబ్బు ఉబ్బడం. 'ఉబ్బు' తెలుగువాడికి సొంత మాటే కనుక చింతామణి ప్రేక్షకుడికి కన్నడ పదమే తెలుగు పదం కన్నా తేటగా ఉంటుంది. మరోచోట ఇదే తారుమారవుతుంది. బడ్జెటును కన్నడంలో 'ముంగడపత్ర' అంటారు. 'ముంగడ' అంటే వ్యవహారంలో ముందుగా ఇచ్చే బయానా. ఈ మాట కొత్తగా విన్నవాడు ప్రభుత్వం ఎవరికో ముందుగా డబ్బు ఇస్తున్నదని అనుకోవచ్చు.

తెలుగులోనే 'మద్దతు ధర', 'గిట్టుబాటు ధర' అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడం తరచుగా కనిపిస్తుంది. మద్దతు ధర కేంద్రం కొన్ని పంటలకు మాత్రమే ప్రకటించేది. గిట్టుబాటు ధర అంటే ఖర్చులు పోను రైతుకు మిగులు చూపేది. రాగికీ వేరుశనగకూ మద్దతు ధర ఉంది. టమాటాకూ పట్టుగూళ్లకూ ఆ జాబితాలో చోటు లేదు. మాటలు కలిసిపోతే లేని హక్కు ఉన్నట్లు తోస్తుంది.

టమాటా ధర మరో పాఠం. ఇక్కడి మండీల్లో 15 కిలోల పెట్టె లెక్కన వేలం సాగుతుంది. వార్తల్లో కిలో ధర వినిపిస్తుంది. 2023 జులైలో కోలారు ప్రాంతంలో పెట్టె ధర 2,000 రూపాయలు దాటింది. సెప్టెంబరు నాటికి ధరలు పడిపోయాయి. ధర పెరిగిందని చెప్పడంతోపాటు, ఇప్పుడు నాటిన నారు కాపుకు వచ్చేటప్పటికి ఎందరి పంట మార్కెట్టుకు చేరుతుందో కూడా చెప్పిన వార్తే రైతుకు పనికివస్తుంది.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు సంగతీ ఇలాంటిదే. 2011 కేంద్ర బడ్జెటులో ముడిపట్టుపై దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2013లో దాన్ని 15 శాతానికి పెంచారు. నగరవాసికి బడ్జెటు అంటే ఆదాయపు పన్ను. మల్బరీ తోట ఉన్నవాడికి ఆ ఒక్క వాక్యమే బడ్జెటు. చైనా నుంచి వచ్చే పట్టు చవకైతే ఇక్కడి గూళ్ల ధర ఎలా తగ్గుతుందో వివరించడం విలేకరి పని.

అన్నిటికన్నా చిక్కైనది రాష్ట్ర సరిహద్దు. తెలుగు భాష ఆ గీత దగ్గర ఆగదు. ప్రభుత్వ పథకం ఆగుతుంది. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన 'రుణమాఫీ' బాగేపల్లి రైతుకు వర్తించలేదు. కర్ణాటకలో 2018లో వచ్చిన 'సాలమన్నా'కు నియమాలు వేరు. తెలుగు ఛానల్‌లో మాఫీ వార్త విని, తన అప్పు కూడా పోతుందని వాయిదా కట్టడం ఆపినవాడికి మిగిలేది పెరిగిన వడ్డీ. 'ఈ పథకం ఈ రాష్ట్రంలో అప్పు తీసుకున్నవారికే' అనే ఒక్క వాక్యం అతన్ని కాపాడుతుంది.

ఈ ప్రాంతానికి ఆర్థిక చింతన కొత్త కాదు. చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబంలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ కావాలని ప్రతిపాదిస్తూ 1934లో ఇంగ్లీషులో గ్రంథం రాశారు. అలాంటి ఆలోచనను ఇంటి భాషలో సామాన్యుడికి చేర్చే బాధ్యత నేడు చాలావరకు టెలివిజన్‌పై ఉంది.

కనుక ఆర్థిక వార్తలకు బహుమతి నిర్ణయించేవారు మరికొన్ని ప్రశ్నలు కూడా వేసుకోవడం మంచిది. వడ్డీని ప్రేక్షకుడి లెక్కలో చెప్పారా? పథకం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో చెప్పారా? ధర పెరుగుదలతోపాటు అది పడిపోయే అవకాశాన్నీ చెప్పారా? వాడిన మాట మండీలో నిలబడి విన్నవాడికి తెలిసిందా? నిర్ణేతల్లో ఆర్థిక నిపుణుడి పక్కన ఒక భాషావేత్తకూ, పట్టుగూళ్లు అమ్మే రైతుకూ చోటు ఇస్తే ఈ ప్రశ్నలకు సమాధానాలు వెంటనే దొరుకుతాయి. తెలుగు శాఖలు సరిహద్దు మండీల్లో వాడుకలో ఉన్న వ్యాపార పదాలను సేకరించి విలేకరులకు అందజేస్తే, పురస్కారాల మాట ఎలా ఉన్నా, వార్త వినే రైతుకు మేలు జరుగుతుంది.