రోనోక్ 611: ఇనుము ఒకచోట, ఆవిరి మరోచోట

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో రోనోక్ అనే ఊరుంది. రైలింజన్లంటే ఇష్టమున్నవాళ్లు అక్కడ రెండు మ్యూజియాలు చూడాలి. రవాణా మ్యూజియంలో 611 నంబరు ఆవిరి ఇంజన్ ఉంటుంది. పాత రైల్వే స్టేషన్‌లో ఓ. విన్‌స్టన్ లింక్ తీసిన ఫొటోలుంటాయి. ఇంజన్ చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు.

611 పుట్టింది ఆ ఊళ్లోనే. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే 1950లో సొంత వర్క్‌షాపులో తయారు చేసుకుంది. దాని బాయిలర్లో ఒత్తిడి చదరపు అంగుళానికి 300 పౌన్లు. ఆ ఆవిరి పిస్టన్లను తోసి, పొగగొట్టంలోంచి పైకి చిమ్ముతుంది. అసలు కిటుకు ఆ చిమ్మడంలోనే ఉంది. పోయే ఆవిరి పొయ్యిలోని వేడి వాయువులను కూడా వెంట లాక్కుపోతుంది. ఆ ఖాళీలోకి కొత్త గాలి దూసుకొచ్చి బొగ్గు భగ్గుమంటుంది. బరువు లాగుతూ బండి ఎంత కష్టపడితే మంట అంత పెరుగుతుంది. మంటకు ఎంత గాలి కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత అందమైన ఏర్పాటు మరే యంత్రంలోనూ నాకు కనిపించలేదు.

1956లో 611 పట్టాలు తప్పింది. బాగుచేసి మళ్లీ పరుగు పెట్టించారు. డీజిల్ రాకతో తోటి ఇంజన్లన్నీ తుక్కుకు పోతుంటే, ఆ మరమ్మతుతో మంచి స్థితిలో ఉన్నందుకే ఇది మిగిలింది. ఆ తరగతిలో తయారైన 14 ఇంజన్లలో ఇదొక్కటే బతికుంది.

లింక్ బ్రూక్లిన్‌లో పుట్టిన వాణిజ్య ఫొటోగ్రాఫర్. ఆవిరి రోజులు ముగిసిపోతున్నాయని తెలిసి, 1955 నుంచి 1960 దాకా ఈ రైల్వే వెంట తిరిగాడు. సుమారు 2,400 నెగెటివ్‌లు తీశాడు. పేరు తెచ్చినవి రాత్రి ఫొటోలే. నల్లని ఇంజన్ వెలుగును మింగేస్తుంది. చల్లగాలి తగిలి సన్నని తుంపరగా మారిన ఆవిరి మాత్రం వెలుగును నలుదిక్కులా వెదజల్లుతుంది. పగటి ఆకాశంలో కలిసిపోయే ఆ తెలుపు చీకట్లో ఫ్లాష్ పడగానే కొండంత లేస్తుంది.

1956లో యేగర్ అనే ఊళ్లో తీసిన ఫొటో దగ్గర కాసేపు ఆగాలి. ఆరుబయట సినిమా, కార్లో ఒక జంట, తెరమీద విమానం, వెనక దూసుకుపోతున్న గూడ్సు బండి. దానికి 43 ఫ్లాష్ బల్బులు వెలిగించాడు. అంత వెలుగుకు తెరమీది బొమ్మ మాయమవుతుంది కనక, విమానాన్ని మరో నెగెటివ్ నుంచి ముద్రించి కలిపాడు. బల్బులను ఒకదాని వెంట ఒకటిగా తీగకు కలిపేవాడు. ఒక్కటి పనిచెయ్యకపోయినా ఏదీ వెలగదు, ఈలోగా బండి వెళ్లిపోతుంది.

ఇంజన్ల చప్పుళ్లను కూడా ఆయన టేపు మీదికెక్కించి గ్రామఫోన్ రికార్డులుగా విడుదల చేశాడు. ఫొటోలు చూశాక అవీ వినాలి.