తెర చెప్పని సంగతులు

వీడియో గేమ్ అంటే కంటితో ఆడేదేనని చాలామంది నమ్మకం. చూపులేనివాళ్లు కంట్రోలర్ పట్టుకుని టీవీ ముందు కూర్చుంటారంటే ఆశ్చర్యపోతారు. కానీ వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నారు, అదీ వాళ్ల కోసం తయారుకాని గేములను. పాత సాహస గేములు వాళ్లకు ఎంతవరకు అందుతాయి, ఎక్కడ అడ్డం తిరుగుతాయి అన్నది తెలియాలంటే 1998లో నింటెండో 64 కన్సోల్‌కు వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరీనా ఆఫ్ టైమ్’ను కాస్త నిదానంగా చూడాలి. కాదు, వినాలి.

అందులో లింక్ అనే కుర్రాడు అడవులూ గుహలూ కోటలూ తిరుగుతాడు. గడ్డి మీద అతని అడుగుల చప్పుడు ఒకలా ఉంటుంది, రాతి మీద ఇంకోలా ఉంటుంది. కత్తితో గోడను తడితే ఠంగుమంటుంది. బాంబుతో పేల్చగలిగిన గోడైతే మోత మారిపోతుంది, లోపల డొల్ల అని తెలిసిపోతుంది. మైదానంలో శత్రువు దగ్గరపడితే సంగీతం మారుతుంది. వెంట ఎగురుతూ ఉండే నావీ అనే బుల్లి దేవత పిలుస్తుంది. అప్పుడు జెడ్ బటన్ నొక్కితే చాలు, లింక్ తనంతట తానే శత్రువు వైపు తిరిగి గురి నిలుపుతాడు. అంచు దాకా పరుగెత్తితే తనే దూకుతాడు, దూకడానికి వేరే బటన్ లేదు. ఇక ఓకరీనా అనే ఊదే వాయిద్యం మీద ఒక్కో బటన్‌కు ఒక్కో స్వరం పలుకుతుంది. పాట విన్నవాళ్లు తెర చూడకుండానే దాన్ని తిరిగి వాయించగలరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏ చప్పుడు ఎడమ నుంచి వస్తోందో, ఏది కుడి నుంచో కూడా తెలుస్తుంది. ఇవేవీ అంధులను తలచుకుని పెట్టినవి కావు. శబ్దాన్ని శ్రద్ధగా చేయడం వల్ల వాళ్లకు దక్కిన దారులు.

మరి అడ్డం ఎక్కడ? చేతి వేగంలో కాదు. తెర మీద ఉండి చెవికి చేరని సమాచారంలో. ఓకరీనా గేములో పాత్రలు నవ్వుతాయి, అరుస్తాయి, నిట్టూరుస్తాయి. మాటలు మాత్రం అక్షరాల్లోనే ఉంటాయి. దారి పక్క బోర్డు మీద ఏం రాసుందో, అంగట్లో వస్తువు ధర ఎంతో, మెనూలో ఏ వరుస మీద ఆగామో శబ్దం చెప్పదు. పెద్ద రాక్షసుణ్ని చెవితోనే ఓడించిన మనిషి చిన్న బోర్డు చదవలేక ఆగిపోతాడు. దీనికి తోడు మూసి ఉన్న తలుపుకు చప్పుడుండదు, ఎక్కాల్సిన నిచ్చెనకూ ఉండదు. నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ దారి వెతకాల్సిన వాటర్ టెంపుల్ చూపున్నవాళ్లకే పెద్ద చిక్కు.

అయినా వదలనివాళ్లున్నారు. కెనడాలోని ఒక అంధ యువకుడి కోసం చూపున్న కొందరు గేమర్లు, ముఖపరిచయం కూడా లేకపోయినా, ఎప్పుడు ఏ బటన్ నొక్కాలో మొదటి నుంచి చివరి దాకా రెండేళ్లపాటు రాసి పంపారు. అతను ఆ రాతను కంప్యూటర్‌తో చదివించుకుంటూ ఆట ముగించాడు. అమెరికాలో మరో అంధుడు ఆటలోని గోడలను తడుముతూ, శబ్దాలను గుర్తుపెట్టుకుంటూ ఏళ్ల తరబడి ఆడి 2016లో పూర్తిచేశాడు. వాళ్ల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. కానీ తక్కినవాళ్లు కొన్ని వారాల్లో ముగించే ఆటకు ఒకరి నుంచి అన్నేళ్ల ఓర్పు అడగడం న్యాయం కాదు.

అంధులకూ ఆట అందాలన్న సంగతి జపాన్‌లో గేమ్ రూపకర్త కెంజీ ఎనోకు ముందే తోచింది. 1996 చివర్లో సెగా శాటర్న్‌కు ఆయన చేసిన ‘ఎనిమీ జీరో’లో శత్రువులు కంటికి కనబడరు. వాళ్లు ఎటువైపు ఉన్నారో, ఎంత దూరంలో ఉన్నారో స్వరాన్ని బట్టే పట్టుకోవాలి. ఆయన గేములు ఆడే అంధులు ఉత్తరాలు రాశారు, ఆయన వెళ్లి వాళ్లను కలిశాడు. చూపు కోసం చేసిన ఆటలతో వాళ్లు ఎంత పెనుగులాడుతున్నారో తెలుసుకున్నాడు. 1997లో ‘రియల్ సౌండ్: కాజే నో రిగ్రెట్’ తెచ్చాడు. అందులో చూడాల్సిన బొమ్మే లేదు. కథంతా రేడియో నాటకంలా వినాలి, అక్కడక్కడా కథ ఎటు వెళ్లాలో ఆటగాడే ఎంచుకోవాలి. పెట్టెలో బ్రెయిలీ సూచనల పత్రం కూడా పెట్టారు. ఆ గేమ్ తమ కన్సోల్‌కే ఇమ్మని సెగా కోరినప్పుడు ఎనో ఒక షరతు పెట్టాడు: అంధులకు వెయ్యి కన్సోళ్లు మీరు ఉచితంగా ఇవ్వండి, వెయ్యి గేములు నేనిస్తాను. గేముల చరిత్రలో నాకు బాగా నచ్చిన వ్యాపార ఒప్పందం ఇదే.

ప్రతి గేమూ బొమ్మ లేకుండా రాలేదు కదా. మరి పాతవాటిని ఏం చేయాలి? ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది తెరను ఫొటోలా తీసి, అందులోని అక్షరాలను గుర్తుపట్టి గొంతుతో చదివించడం. పాత కన్సోళ్ల గేములను కంప్యూటర్‌లో ఆడించే రెట్రోఆర్చ్ అనే ప్రోగ్రాములో 2019 నుంచి ఈ సదుపాయం ఉంది. చాలా గేములకు పనికొస్తుంది కానీ చుక్కలతో కూర్చిన పాత అక్షరాల దగ్గర తడబడుతుంది, జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. రెండోది ఇంతకంటే మేలైనది. తెర మీదికి వచ్చే ప్రతి అక్షరమూ ప్రతి తలుపూ ముందుగా గేమ్ మెమరీలో ఉంటాయి. అక్కడి నుంచే తీసుకుంటే తప్పు రాదు. గేమ్ బాయ్ కలర్‌కు వచ్చిన ‘పోకెమాన్ క్రిస్టల్’కు అభిమానులు ఇలాగే ఒక స్క్రిప్టు రాశారు. అది సంభాషణలను, అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందిస్తుంది, చుట్టూ ఉన్న మనుషులనూ తలుపులనూ వరుసగా చెబుతుంది, కావాల్సిన చోటికి దారి చూపుతుంది. ఓకరీనా ప్రోగ్రామునూ అభిమానులు విప్పి తిరిగి రాశారు. దాని ఆధారంగా 2022లో వచ్చిన ‘షిప్ ఆఫ్ హార్కీనియన్’ అనే కంప్యూటర్ రూపంలో తర్వాత మాటల పెట్టెలను చదివి వినిపించే ఏర్పాటు చేర్చారు. మూగబోయిన బోర్డులకు అలా నోరొచ్చింది.

ఈ పనంతా చేసింది జీతం లేని అభిమానులు. 2021లో తన స్విచ్ ఆన్‌లైన్ సేవలో ఓకరీనాను మళ్లీ విడుదల చేసింది మాత్రం నింటెండో కంపెనీయే. అందులో మాటల పెట్టెలను చదివే గొంతు లేదు. కొత్త గేముల్లో ఇది అసాధ్యమేమీ కాదని 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ చూపించింది. మెనూలు చదవడం, దారి వైపు తిప్పడం, దగ్గరున్న వస్తువును చప్పుడుతో తెలపడం లాంటి అరవైకి పైగా సదుపాయాలు అందులో ఉన్నాయి. పాత గేమును మళ్లీ అమ్ముకునే కంపెనీ ఇవన్నీ చేయకపోయినా, అందులోని అక్షరాలకు గొంతునైనా ఇవ్వాలి. ఆ అక్షరాలు ఎలాగూ తన దగ్గరే ఉన్నాయి.