లెక్కల సారు అడిగి తీసుకున్న పీరియడ్

ఇంట్లో ఎక్కడో పదో తరగతి మార్కుల మెమో ఉంటుంది కదా, ఒకసారి తీసి కింది భాగం చూడండి. నిరంతర సమగ్ర మూల్యాంకనం అమల్లోకి వచ్చాక చదివినవాళ్ళ మెమోల్లో తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు అయిపోయాక సహపాఠ్యాంశాలని మరికొన్ని వరుసలు కనిపిస్తాయి. వాటిలో కళలు, సాంస్కృతిక విద్య ఒకటి. దానికీ ఒక గ్రేడు ఉంటుంది, చాలామందికి మంచి గ్రేడే. ఏం నేర్చుకున్నందుకు వచ్చిందని పిల్లాణ్ని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాడు. ఆ గ్రేడు వేసిన మాస్టారిని అడిగినా దాదాపు అంతే.

చట్టంలో లోటేమీ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వందమంది దాటితే కళావిద్యకు, వ్యాయామవిద్యకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. సీబీఎస్ఈ 2019లో ఒకటి నుంచి పన్నెండు దాకా అన్ని తరగతులకూ వారానికి కనీసం రెండు కళా పీరియడ్లు తప్పనిసరి చేసింది. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడే వద్దంది. టైమ్‌టేబుల్లో కూడా పీరియడ్ ఉంటుంది, ఎక్కువగా మధ్యాహ్నం ఆఖరు గంటలో. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సారు స్టాఫ్ రూములో డ్రాయింగ్ మాస్టారిని అడుగుతారు: “మాస్టారూ, మీ పీరియడ్ ఈ వారం నాకిచ్చేయండి, సిలబస్ వెనకబడింది.” ఆయన ఇచ్చేస్తారు. సిలబస్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది కనుక ఆ పీరియడ్ మళ్ళీ తిరిగి రాదు. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే తోమే బడుల్లో ఈ అడగడమూ ఉండదు, అసలు పీరియడే ఉండదు కాబట్టి.

లెక్కల సారును తప్పుపట్టి లాభం లేదు. ఆయన్ని అడిగేది మార్కులే. బొమ్మలు గీయించకపోతే ఏం నష్టమో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ నష్టం కనబడాలంటే డ్రాయింగ్ పుస్తకం తెరవక్కర్లేదు, బయాలజీ రికార్డు తెరిస్తే చాలు.

మందార పువ్వు నిలువుకోత బొమ్మ తెలుగునాట పదో తరగతి దాటిన ప్రతివాడూ గీసిందే. పువ్వును చూసి గీసినవాళ్ళు ఎంతమంది? గైడులోని బొమ్మను చూసి గీస్తాం, లేదా అన్నయ్య రికార్డు చూసి గీస్తాం. మందార చెట్టేమో బడి గేటు పక్కనే ఉంటుంది. నిజంగా ఒక పువ్వు కోసి ముందు పెట్టి గీయమంటే పిల్లాడికి మొదటి పది నిమిషాలు చికాకు. తలలో ఉన్న మందారానికి ఐదు రేకులు విడివిడిగా, చక్కగా పరచుకుని ఉంటాయి. ఎదురుగా ఉన్నదానికి ఒక రేకు అంచు పక్క రేకు కిందికి దూరి ఉంటుంది. కేసరాలన్నీ ఒక గొట్టానికి అతుక్కుని ఉంటాయి, కీలం ఆ గొట్టంలోంచే పైకి వచ్చి ఐదు పాయలవుతుంది. గీసి, చెరిపి, మళ్ళీ చూసి, మళ్ళీ గీస్తే తప్ప ఇవి కంట పడవు. డ్రాయింగ్ మాస్టారు నేర్పేది ఆ చూడటమే. బొమ్మ అందంగా రావడం తరవాతి సంగతి. చూడటం నేర్వని పిల్లాడు బయాలజీలో బట్టీ పడతాడు, నూటికి తొంభై తెచ్చుకుంటాడు కూడా. నష్టం మార్కుల్లో కనబడకపోవడమే ఇక్కడున్న చిక్కు.

కళలు, శాస్త్రం ఒకే ఇంట్లో పెరిగితే ఏమవుతుందో విశాఖపట్నానికి తెలుసు. అక్కడి మిసెస్ ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు చెప్పిన చంద్రశేఖర అయ్యర్ ఇంట్లో వయొలిన్ వాయించేవారు. ఆయన కొడుకు పదకొండేళ్ళకే విశాఖలో మెట్రిక్ పాసయ్యాడు. పేరు సి.వి.రామన్. నోబెల్ వచ్చింది 1930లో, కాంతి మీద చేసిన పనికి. అంతకుముందు చాలా ఏళ్ళు రామన్ తీగలతో, చర్మవాద్యాలతో గడిపారు. కమాను రాసినప్పుడు వయొలిన్ తీగ ఎలా కంపిస్తుందో 1918లో ఒక గ్రంథమే రాశారు. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో మన మద్దెల, తబలాల గురించి రాశారు. మామూలు డోలు చర్మం మీద కొడితే పుట్టే పై స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే శబ్దం వస్తుంది గానీ శ్రుతి నిలవదు. మృదంగం కుడి మూత మధ్యన పూసే నల్లటి ముద్ద ఆ చర్మానికి సరైన చోట బరువు చేర్చి, పై స్వరాలను తీగవాద్యంలో మాదిరిగా క్రమంలోకి తెస్తుందని రామన్ తేల్చారు. తరవాత చర్మం మీద సన్నని ఇసుక చల్లి, ఎక్కడ కంపిస్తోందో, ఎక్కడ కదలకుండా ఉందో ఆ గీతలనూ చూపించారు. ఆ ముద్ద ఎంత మందాన పూయాలో వాద్యం కట్టేవాళ్ళు తరాలుగా చెవితో తేల్చుకుంటున్నారు. అందులో ఒక ప్రశ్న ఉందని పట్టుకోవాలంటే ఫిజిక్సు ఒక్కటే చాలదు, శ్రుతి తెలిసిన చెవి కావాలి.

ఇంతదాకా వచ్చాక చాలామంది వెంటనే అనే మాట ఒకటుంది. “అదుగో, సంగీతం నేర్పితే లెక్కలు బాగా వస్తాయి!” ఆ మాట కాస్త ఆపుకుందాం. హార్వర్డ్‌లో ప్రాజెక్ట్ జీరో పరిశోధకులు లోయిస్ హెట్‌లాండ్, ఎలెన్ విన్నర్ ఇలాంటి వాదనలకున్న ఆధారాలను జల్లెడ పట్టి 2000లో ఫలితాలు ప్రకటించారు. కళలు నేర్పితే చదువులో మార్కులు పెరుగుతాయన్న ప్రచారంలో ఎక్కువ భాగం నిలబడలేదు. గట్టిగా నిలిచిన కొద్దిపాటిలో ఒకటి తరగతి గదిలో నాటకం: ఆడిన పిల్లల భాష మెరుగుపడింది. మన తెలుగు వాచకంలో నాటక పాఠం వస్తే ఏం చేస్తాం? కూర్చోబెట్టి చదివిస్తాం, పాత్రల స్వభావాలను వివరించమని ఐదు మార్కుల ప్రశ్న ఇస్తాం.

అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 42 బడుల్లో పదివేలమందికి పైగా పిల్లల మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఏ బడులకు కళలు పెంచాలో చీటీ తీసినట్టు ఎంపిక చేశారు. పెంచిన చోట క్రమశిక్షణ ఫిర్యాదులు తగ్గాయి, రాత మెరుగైంది, ఎదుటివాళ్ళ కష్టం పట్టించుకునే గుణం కొంచెం పెరిగింది. లెక్కలు, సైన్సు మార్కులు పెరగనూ లేదు, తరగనూ లేదు. తరగలేదన్నదే లెక్కల సారుకు చూపించాల్సిన వార్త. మార్కులు పెంచుతుందని చెప్పి కళను బడిలోకి తెస్తే, పెరగని రోజున అదే కారణంతో బయటికి పంపేస్తారు.

విశాఖలో ఒక ఇంట్లో జరిగింది చూశాం, రాజమండ్రి కథ ఇంకోలా నడిచింది. 1910ల్లో అక్కడి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే. చెప్పేది ఇంగ్లిషు సాహిత్యం, తానూ బొమ్మలు వేసేవారు. ఆయన చేరదీసిన కుర్రాళ్ళలో దామెర్ల రామారావు ఒకరు. 1897లో పుట్టిన ఈ కుర్రాడి చేయి చూసి కూల్‌డ్రే బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్టుకు దారి చూపించారు. చదువు ముగించుకుని రామారావు రాజమండ్రి వచ్చి చిత్రకళాశాల పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే ఆయన పోయారు. శిష్యుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టారు. రామారావు బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రి ఆర్టు గ్యాలరీలో చూడొచ్చు.

అదే కూల్‌డ్రే చుట్టూ తిరిగిన మరో కుర్రాడు అడివి బాపిరాజు. లా చదివారు, ‘నారాయణరావు’ నవల రాశారు, సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఇంకొకరు కవికొండల వెంకటరావు, కవి. ఒక్క మాస్టారి దగ్గర పెరిగిన ముగ్గురూ మూడు దారులు పట్టారు. ఆ కాలేజీలో చదివి గుమాస్తాలూ ప్లీడర్లూ అయినవాళ్ళు ఎందరో. వాళ్ళలో కొందరికైనా ఒక బొమ్మ ముందు నిలబడి చూడటం అలవడి ఉంటుందని నా ఊహ. వాళ్ళ పేర్లు ఎక్కడా రాసి ఉండవు గనుక దాన్ని రుజువు చేయలేను.

కూల్‌డ్రే లాంటి మాస్టారి కోసం ఇప్పుడు ఎక్కడ వెతకాలి? డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తిచేసినవాళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ప్రభుత్వ బడుల్లో కొందరు పార్ట్‌టైమ్‌గా, గౌరవవేతనం మీద నెట్టుకొస్తున్నారు. వాళ్ళ చేత బడి ఎక్కువగా చేయించేది గోడల మీద నినాదాలు, పంద్రాగస్టు బ్యానర్లు, సర్టిఫికెట్ల మీద పేర్లు రాయడం. ప్రైవేటు బడుల్లో కళ అంటే యానివర్సరీ. బయటినుంచి డ్యాన్స్ మాస్టర్ వస్తాడు, రెండు వారాలు సినిమా పాట స్టెప్పులు నేర్పుతాడు, అద్దె డ్రెస్సులొస్తాయి. బాగా ఆడేవాళ్ళు ముందు వరుసలో, రానివాళ్ళు వెనక వరుసలో, అసలే రానివాళ్ళు కుర్చీలు సర్దుతూ. నిజానికి నేర్పాల్సింది ఆ కుర్చీలు సర్దినవాడికి.

2020 జాతీయ విద్యావిధానంలో ఇంకో మంచి మాట ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా, వడ్రంగి, కుమ్మరి, చిత్రకారుడు లాంటివాళ్ళ దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలంటుంది. అలాంటి పనివాళ్ళున్న ఊళ్ళకు మనకు కొదవా? తోలుబొమ్మలకు నిమ్మలకుంట, కలంకారీకి పెడన, లక్కబొమ్మలకు ఏటికొప్పాక, నకాషీ బొమ్మలకు చేర్యాల. ఒక రోజు బస్సులో తీసుకెళ్ళి ఫొటోలు దింపి తెస్తే అది పిక్నిక్ అవుతుంది. చేర్యాలలో పటం గీయడానికి ముందు గుడ్డకు గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత వేయాలి, అది ఆరాలి. పిల్లలు ఆ పూతతోనే మొదలుపెట్టాలంటే పది రోజులూ ఒకే కళాకారుడి దగ్గర కూర్చోవాలి. ఆయన పది రోజులు తన పని మానుకుంటాడు కాబట్టి కూలి ఏ పద్దు కింద ఇస్తారో బడి ముందే తేల్చుకోవాలి. శాలువా కప్పి పంపిస్తే వచ్చే ఏడు రాడు.