ఊరి పేరులో తాళం



ఆరేడేళ్ల పిల్లల్ని నిలబెట్టి "ఒక పాట పాడండర్రా" అని అడిగి చూడండి. ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తారు, మిగతావాళ్లు తల దించుకుంటారు. అలా తల దించుకున్నవాళ్లలో కొందరితో "నీకు గొంతు లేదు" అని అప్పటికే ఎవరో అనేసి ఉంటారు. ఆ మాట విన్న పిల్లల్లో కొందరు జన్మలో మళ్లీ పాటకు నోరు విప్పరు. అందుచేత ప్రాథమిక పాఠశాలలో సంగీతాన్ని గొంతుతో కాక చేతులతో, చెవులతో మొదలుపెట్టమని నా మనవి.

ఇందుకు మృదంగాలు కొననక్కర లేదు. పిల్లకు రెండేసి కొబ్బరి చిప్పలు చాలు. యానాంలో వాటికి కరువేమిటి?

ఇప్పుడు ఊరి పేరునే వాయించమనండి. పొట్టి అక్షరానికి ఒక లెక్క. దీర్ఘానికి, సున్న ఉన్నదానికి, ఒత్తుకు ముందున్నదానికి రెండు లెక్కలు: ఒకసారి కొట్టి, ఒక లెక్క ఆగాలి. "యానాం" అంటే నాలుగు. "మెట్టకూరు" ఆరు, అదీ మూడు మూడుగా విరుగుతుంది: తకిట, తకిట. పక్కనున్న తాళ్లరేవుదీ కాకినాడదీ ఇదే నడక. "దరియాలతిప్ప" ఎనిమిది, "కనకాలపేట" కూడా ఎనిమిదే. ఆది తాళానికీ ఎనిమిది అక్షరాలే కదా! తరగతిని రెండు జట్లు చేయండి. ఒక జట్టు "యానాం" రెండుసార్లు వాయించేలోగా రెండో జట్టు "దరియాలతిప్ప" ఒకసారి ముగించాలి. ఇద్దరూ మళ్లీ ఒకే దెబ్బ మీద కలుసుకుంటే పిల్లల ముఖాలు చూడండి! ఎవరైనా తప్పితే మీరు దిద్దవద్దు, వాళ్ల చెవే వాళ్లకు చెబుతుంది. రేపు హైస్కూల్లో గురులఘువులకు భయపడని పిల్లలు కూడా వీళ్లే.

ఇక వినడం. జపాను వయొలిన్ గురువు షినిచి సుజుకి, పిల్లలు మాతృభాషను విని విని నేర్చినట్టే సంగీతాన్నీ నేర్వగలరని నమ్మి, నేర్చుకునే పాటను ఇంట్లో రోజూ వినిపించమనేవారు. మనకిది కొత్త కాదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం భక్తిరంజనిని వంటింటి పనుల మధ్య విని, ఎవరూ నేర్పకుండానే కీర్తనలు పట్టుకున్నవాళ్లు మనలో ఎందరో! అయితే బడిలో రెండు నిమిషాలకు మించి వినిపించవద్దు. కళ్లు మూయించి ఒక్క ప్రశ్న అడగండి: సన్నాయా, వీణా? మృదంగం ఎక్కడ ఆగింది? మరోనాడు పింగాణీ కప్పుల్లో నీళ్లు పోసి చెంచాతో తట్టించండి. నీళ్లు పెరిగినకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. సీసా మూతి మీద ఊదితే మాత్రం నీళ్లు పెరిగినకొద్దీ పైకి పోతుంది! ఎందుకో వాళ్లనే వెతకనివ్వండి.

పురందరదాసు ఏర్పరచారని చెప్పే మాయామాళవగౌళ సరళీ వరుసలు ఆ తరువాత. అప్పటికి వెనక బెంచీ పిల్లలు కూడా తమకు తెలియకుండానే గొంతు కలిపేస్తుంటారు.

ఒక్క జాగ్రత్త. చిప్పల అంచులను గరుకు కాగితంతో రుద్దిగాని ఇవ్వవద్దు, చేతులు గీసుకుంటాయి. పక్క తరగతి మాస్టారు విసుక్కుంటే, పిల్లల్ని తీసుకుని చెట్టు కిందికి వెళ్లండి.