ఎర్ర చల్కా నేలల పొరలు: ఒక సెంటీమీటరు మట్టి విలువ

నేలను మాతృశిల వరకు నిలువుగా కోసి చూచినపుడు రంగు, కణ పరిమాణం, వేళ్ల వ్యాప్తిలలో భిన్నమైన పొరలు కనబడును. ఈ పొరల వరుసయే మృత్తికా పరిచ్ఛేదిక. పొరలను ఏ, బీ, సీ అను అక్షరములతో సూచించు పద్ధతికి రష్యా శాస్త్రవేత్త దొకుచాయెవ్ 19వ శతాబ్దిలో పునాది వేసెను.

తెలంగాణ, రాయలసీమలలో గ్రానైటు, నైస్ శిలల నుండి ఏర్పడిన ఎర్ర నేలలలో ఈ పొరలు స్పష్టముగా గోచరించును. పైనున్న ఏ పొరలో ఇసుక పాలు హెచ్చు. సేంద్రియ పదార్థము, సూక్ష్మజీవులు, పీల్చు వేళ్లు అధికముగా ఇందే ఉండును. నీటితోపాటు క్రిందికి జారిన బంకమన్ను బీ పొరలో పేరుకొనును. ఇనుప ఆక్సైడుల వలన ఆ పొర మరింత ఎరుపెక్కును. వానకు వానకు నడుమ పైరును ఆదుకొను తేమ చాలవరకు ఇచట నిలుచును. అడుగున మొరం రూపములోనున్న సీ పొర శిథిలమగుచు పొటాషియం వంటి ఖనిజ పోషకములను విడుదల చేయును. నల్లరేగడిలో మట్టి పగుళ్లలోనికి రాలి కలగలియుట వలన పొరల హద్దులు ఇంత స్పష్టముగా ఉండవు.

హెక్టారుపై ఒక సెంటీమీటరు మందము గల మట్టి, స్థూల సాంద్రత 1.4 అనుకొనిన, 140 టన్నులు తూగును. అందు సేంద్రియ కర్బనము 0.4 శాతమైనచో, ఆ పొర కొట్టుకొనిపోయినపుడు 560 కిలోల కర్బనము నష్టమగును. కర్బన నత్రజనుల నిష్పత్తి 10:1గా తీసికొనిన, దానితో 56 కిలోల నత్రజని కూడ పోవును. నత్రజనిని ఎరువుతో పూరింపవచ్చును గాని, నేల కట్టడిని, జీవరాశిని పూరింపలేము. పైగా బయల్పడిన బీ పొర ఎండినపుడు గట్టిపడి నీటిని ఇంకనీయదు. ఫలితముగా మరుసటి వానకు కోత మరింత పెరుగును.

పైరు పొలములలో మట్టి నమూనాను సాధారణముగా 15 సెంటీమీటర్ల లోతు వరకే తీయుదురు. మొరం 40 సెంటీమీటర్ల వద్ద తగులు చేనుకు, 90 సెంటీమీటర్ల వద్ద తగులు చేనుకు ఒకే ఫలితము రావచ్చును. కాని మట్టి పరిమాణములో 10 శాతము లభ్యమైన నీరనుకొనిన, మొదటి దానిలో 40, రెండవ దానిలో 90 మిల్లీమీటర్ల తేమ నిలుచును. పైరు రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకొనినచో, బెట్టకు ఒకటి 8 రోజులు, మరొకటి 18 రోజులు తట్టుకొనును.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు నమూనాతోపాటు ప్రతి గ్రామములో కొన్ని చోట్ల గుంత త్రవ్వి మొరం లోతును నమోదు చేయవలెను. లోతు తక్కువైన చేలకు స్వల్పకాలిక రకములను, వాలుకు అడ్డముగా సేద్యమును సూచింపవలెను. గట్లపై గ్లైరిసీడియా పెంచి రొట్టను చేనికి వేయించుట, కొట్టుకొనిపోయిన మెత్తని మట్టిని చెరువు మట్టి రూపములో తిరిగి చేరవేయించుట అవసరము.