తుంటి ఎముక విరిగితే ‘ఈ వయసులో ఆపరేషనా?’ అనే ముందు ఇది వినండి

అంబర్‌పేట్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. కానీ ఇవాళ్టి టాపిక్ మా ఇంట్లో జరిగిందే.

రెండేళ్ల కింద మా నానమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. వయసు 81. “ఆపరేషన్ తట్టుకోదు, పుత్తూరు కట్టు కట్టిద్దాం” అని ఇంట్లో మూడు రోజులు చర్చ. నేనూ గట్టిగా చెప్పలేకపోయా.

2023 డిసెంబర్ 7 రాత్రి ఎర్రవల్లి ఫాంహౌస్‌లో కేసీఆర్ గారు జారిపడ్డారు, గుర్తుందా? అప్పుడాయనకు 69 ఏళ్లు. ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. 8న సోమాజిగూడ యశోదలో తుంటి మార్పిడి చేశారు. మర్నాడే వాకర్‌తో నడిపించారు. 15న డిశ్చార్జ్. 2024 ఫిబ్రవరి 1న వెళ్లి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు.

“మాజీ సీఎం కదా, అందుకే అంత స్పీడు” అనుకోకండి. బ్రిటన్ గైడ్‌లైన్స్ సామాన్యులకు కూడా అదే చెప్తాయి: చేరిన రోజే, లేదంటే మర్నాడు ఆపరేషన్.

ఎందుకంత తొందర? తుంటి అంటే గిన్నెలో తిరిగే బంతి. ఆ బంతికి రక్తం ఎక్కువగా కింద ఉన్న మెడ మీదుగానే వెళ్తుంది. మెడ విరిగి పక్కకు జరిగితే రక్తం అందక బంతి చచ్చిపోవచ్చు. అందుకే పెద్దవాళ్లలో అతికించకుండా బంతినే మార్చేస్తారు. కొందరికి గిన్నె కూడా. మెడకు కింద విరిగితే రక్తానికి అంత ఇబ్బంది ఉండదు కాబట్టి లోపల రాడ్డు, స్క్రూలు పెట్టి బిగిస్తారు.

మరి కట్టు? తుంటి చుట్టూ పెద్ద కండలుంటాయి. విరిగిన ఎముకను అవి పైకి లాగుతూనే ఉంటాయి. కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపించేది అందుకే. పైన కట్టే కట్టు ఆ లాగుడును ఆపలేదు.

అసలు శత్రువు మంచం. కదలకుండా పడుకుంటే నిమోనియా, వీపు మీద పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు. ఆపరేషన్ చేసేది ముఖ్యంగా మనిషిని లేపి కూర్చోబెట్టడానికి.

రిస్క్ లేదా అంటే, ఉంది. చాలా దేశాల లెక్కల్లో తుంటి విరిగిన పెద్దవాళ్లలో నలుగురైదుగురికి ఒకరు ఏడాదిలోపే పోతున్నారు. అలాగని ఉరుకులు పరుగులతో కోయాల్సిన పనీ లేదు. 2020లో లాన్సెట్‌లో వచ్చిన స్టడీలో 2,970 మందిని చూశారు. ఆరు గంటల్లో చేసినా, ఒక రోజుకు చేసినా మరణాల్లో పెద్ద తేడా రాలేదు. కాబట్టి టెస్టులకు టైమ్ ఇవ్వండి, ఇంట్లో చర్చలకు కాదు.

ఎవరైనా పడితే నిలబెట్టి చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. వాళ్లు వేసుకునే మాత్రలన్నీ, ముఖ్యంగా రక్తం పలుచన చేసేవి, వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ అయ్యాక ఎముకల బలం గురించి డాక్టర్‌ని అడగండి. ఒకసారి విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ప్రమాదం ఎక్కువ.

నానమ్మకు నాలుగో రోజు ఆపరేషన్ అయింది. అప్పటికే వీపు మీద పుండు. తుంటి బాగానే కుదిరింది కానీ, ఆ పుండు మానేదాకా సరిగా నడిపించలేకపోయాం. ఇప్పుడు వాకర్‌తో వరండా దాకా వస్తుంది, గేటు దాకా రాలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే బాత్రూమ్ గోడకు ఒక హ్యాండిల్ బిగించండి. ఉంటా మరి, వచ్చే వీడియోలో కలుద్దాం.