రెండు తెడ్ల నుంచి ఒక్క తెడ్డుకు

ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన పోటీని వదిలేసి, తమకు కొత్తదైన పోటీకి ఎవరైనా వెళ్తారా? క్రొయేషియా దేశానికి చెందిన అన్నదమ్ములు వాలెంట్ సిన్‌కోవిచ్, మార్టిన్ సిన్‌కోవిచ్ సరిగ్గా అదే చేశారు. వారు చేసిన పని ఎంత కష్టమో తెలియాలంటే ముందు వారి ఆట గురించి కొంత తెలుసుకోవాలి.

ఆ ఆట పేరు రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే పందెం. ఒలింపిక్స్‌లో పందెం దూరం 2000 మీటర్లు. పడవ నడిపేవారు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి, చేరవలసిన గీత వారి వీపు వెనుక ఉంటుంది. కూర్చునే పీట చిన్న చక్రాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. చూసేవారికి చేతులతో లాగుతున్నట్టు కనిపించినా, పడవకు ఎక్కువ బలం వచ్చేది కాళ్ల నుంచే.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒక్కొక్కరు రెండు చేతులతో రెండు తెడ్లు వేస్తే అది స్కల్లింగ్. ఒక్కొక్కరు ఒకే పెద్ద తెడ్డును రెండు చేతులతో పట్టుకుంటే అది స్వీప్.

సిన్‌కోవిచ్ సోదరులు మొదట స్కల్లింగ్‌లో పేరు తెచ్చుకున్నారు. వాలెంట్ 1988లో, మార్టిన్ 1989లో పుట్టారు. రాజధాని జాగ్రెబ్‌లోని యారున్ సరస్సు వారి సాధనా స్థలం. నలుగురు నడిపే పడవలో డేవిడ్ షాయిన్, డామిర్ మార్టిన్‌లతో కలిసి 2010లోనూ 2013లోనూ ప్రపంచ విజేతలయ్యారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జర్మనీ తర్వాత రెండో స్థానంలో నిలిచి వెండి పతకం అందుకున్నారు.

2014లో అన్నదమ్ములిద్దరూ ఇద్దరు నడిపే స్కల్లింగ్ పడవలోకి మారారు. ఆ ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ ప్రపంచ పోటీలలో 2000 మీటర్లను 5 నిమిషాల 59.72 సెకన్లలో దాటారు. ఆ తరహా పడవను ఆరు నిమిషాలలోపు గమ్యం చేర్చినవారు అంతకుముందు ఎవరూ లేరు. 2016 రియో ఒలింపిక్స్‌లో బంగారు పతకం కూడా వచ్చింది. ఇంకెవరైనా అయితే అక్కడే స్థిరపడేవారు. వారు మాత్రం స్కల్లింగ్ వదిలి, ఇద్దరు నడిపే స్వీప్ పడవ ఎక్కారు.

ఈ మార్పులో కష్టం ఎక్కడుంది? స్కల్లింగ్‌లో ప్రతి ఒక్కరికీ కుడి ఎడమల రెండు తెడ్లు ఉంటాయి కాబట్టి శరీరం నిటారుగా, సమంగా కదులుతుంది. స్వీప్‌లో ఒకరి తెడ్డు కుడివైపు, ఇంకొకరిది ఎడమవైపు. ప్రతి లాగుకూ నడుము తన తెడ్డు వైపు తిరగాలి. ఒకరు కాస్త గట్టిగా లాగినా, ఒక్క క్షణం ముందు లాగినా పడవ పక్కకు మళ్లుతుంది. దారి చెప్పేవారు వేరే ఉండరు. ఇద్దరిలో ఒకరే పాదాన్ని కదిపి చుక్కానిని తిప్పుకోవాలి. చేతుల పట్టు, నడుము కదలిక, దారి చూసుకోవడం అన్నిటికీ మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే.

అయితే వెంట వచ్చినవి కూడా ఉన్నాయి. కాళ్ల బలం, ఆయాసాన్ని ఓర్చుకునే శక్తి, ఏళ్ల తరబడి ఒకే పడవలో కూర్చోవడం వల్ల కుదిరిన లయ ఎక్కడికీ పోలేదు. నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడు మనకు జరిగేది కూడా ఇలాంటిదే. పాత బడిలో నేర్చిన లెక్కలు కొత్త ఊళ్లోనూ పనికొస్తాయి. ఆ ఊరి భాష, అక్కడి స్నేహాలు మాత్రం మొదటి నుంచి మొదలు పెట్టాలి. తేడా ఒక్కటే: మన బదిలీ పై నుంచి వచ్చిన ఉత్తర్వు, వారిది వారే కోరుకున్నది.

కొత్త పడవలో మొదటి ఏడాదే అన్నీ కలిసి రాలేదు. 2017 ప్రపంచ పోటీలలో ఇటలీ జంట వారిని దాటి బంగారం గెలిచింది. విజేతలుగా అలవాటు పడినవారు రెండో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అయినా పాత పడవకు తిరిగి వెళ్లిపోలేదు. 2018, 2019 ప్రపంచ పోటీలలో బంగారం గెలిచారు. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ వారే విజేతలు.

2024 ఆగస్టు 2న పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ జరిగింది. ఆ రోజు వాలెంట్‌కు 36 ఏళ్లు నిండాయి. గమ్యం దగ్గర పడుతున్నప్పుడు బ్రిటన్ జంట ముందుంది. చివరి కొన్ని లాగుల్లో సోదరులు వారిని అందుకుని, అర సెకను కన్నా తక్కువ తేడాతో గెలిచారు. వరుసగా మూడు ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు: ఒకటి రెండు తెడ్లతో, రెండు ఒక్క తెడ్డుతో.

కొత్త తరగతి గదిలో మొదటి రోజు వెనుక బల్ల మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు 2017 నాటి ఆ వెండి పతకాన్ని గుర్తు చేసుకుందాం. బంగారం దాని తర్వాతే వచ్చింది.